పరాయి ఊరి బడికి రాళ్లు మోయాలనుకునేవారికి

నేపాల్‌లో భూకంపానికి కూలిన ఒక బడిని తిరిగి కట్టే పనిలో కొంతకాలం ఉండి వచ్చానని తెలిసినవారు, ముఖ్యంగా కావలి, ఒంగోలు కళాశాలల్లో సివిల్ ఇంజనీరింగు చదువుతున్న పిల్లలు, తామూ అలా వెళ్లాలంటే ఎవరిని కలవాలని అడుగుతుంటారు. ఎవరిని కలవాలో చెప్పడం పెద్ద పని కాదు. అక్కడ తమతో ఎవరికి ఏమి అవసరమో వెళ్లేవారు ముందుగా తేల్చుకోవాలని నా అభిప్రాయం. బడి కూలిన ఊరికి మొదట కావలసినవి డబ్బు, సరుకు, పని తెలిసిన మేస్త్రి. ఏనాడూ తాపీ పట్టని స్వచ్ఛంద సేవకుడు ఆ వరసలో చాలా వెనుక నిలబడతాడు. ఆ సంగతి ఒప్పుకొని, అక్కడి మేస్త్రి కింద కూలీగా పనిచేయడానికి సిద్ధపడేవారు మాత్రమే వెళ్లాలి.

ఈ అభిప్రాయం నేపాల్‌లో కంటే ముందు మన తీరంలోనే నాలో మొలిచింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నేను డిప్లొమా చదువుతున్నాను. ఆ తరువాతి నెలల్లో చీరాల నుంచి తడ వరకు సముద్రపు ఒడ్డున ఉన్న పట్టపుపాలేలకు, అంటే మత్స్యకారుల పల్లెలకు, ఎక్కడెక్కడి నుంచో జనం సాయం చేయడానికి వచ్చారు. మా ఊరికి దగ్గరలోని ఒక పాలేనికి విదేశీ యువకుల బృందం ఒకటి వచ్చి, పిల్లల కోసం రెండు గదులు కట్టడానికి పూనుకున్నది. అంతో ఇంతో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కాబట్టి మాటలు అటూ ఇటూ అందించే పని నాకు అప్పగించారు. వారి మంచితనంలో లోటేమీ లేదు. ఎండకు ఒళ్లు ఎర్రగా కమిలిపోయినా పార దించేవారు కాదు. అయితే కాంక్రీటు కలపడానికి పక్కనే ఉన్న బావిలోని నీళ్లు తోడుతుంటే, తాపీమేస్త్రి ఒకాయన ఆ నీళ్లు నోట్లో పోసుకొని ఉమ్మేసి, "అబ్బయ్యా, ఇవి ఉప్పు నీళ్లు, కమ్మీలను తినేస్తాయి, ట్యాంకరు తెప్పించమని చెప్పు" అన్నాడు. నేను చెప్పాను. వారి తిరుగు ప్రయాణానికి తేదీ దగ్గర పడింది, ఆ లోపు స్లాబు పడాలి, ట్యాంకరు రావాలంటే ఇంకా ఆలస్యమవుతుంది. స్లాబు పడింది, ఫొటోలు తీసుకున్నారు, అందరినీ కావలించుకొని వెళ్లిపోయారు. కొన్నేళ్లకు ఆ స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పు పట్టిన కమ్మీలు బయటపడ్డాయి. పిల్లలను వేరే చోటికి మార్చారు.

ఉప్పు నీటికి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుందని, ఆ ఉబ్బుకు కాంక్రీటు పగులుతుందని మా పాఠ్యపుస్తకంలో కూడా ఉంది. ఆ పుస్తకం చదవని మేస్త్రికి ఆ సంగతి నాలుకతో తెలుసు. పని నిర్ణయించే చోట ఆయన లేడు. ఎంత దూరం నుంచి ఎంత ప్రేమతో వచ్చినవారైనా, పని తెలిసిన స్థానికుడి మాట నెగ్గని చోట కట్టిన బడిని నేను అప్పటి నుంచి అనుమానంగానే చూస్తాను.

ఇక నేపాల్ సంగతి. 2015 ఏప్రిల్ 25న, అక్కడి కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలు కావడానికి నాలుగు నిమిషాల ముందు, గోర్ఖా జిల్లాలోని బార్పాక్ కేంద్రంగా 7.8 తీవ్రతతో భూమి కంపించింది. మే 12న 7.3 తీవ్రతతో మరోసారి కంపించింది. రెండూ కలిసి దాదాపు 9,000 మందిని బలి తీసుకున్నాయి. అందరికంటే ఎక్కువగా నష్టపోయిన జిల్లా సింధుపాల్‌చోక్. దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో 25,000కు పైగా తరగతి గదులు పూర్తిగా కూలిపోగా, ఇంకో 20,000కు పైగా గదులు దెబ్బతిన్నాయి. ఇన్ని గదులు కూలినా వాటి కింద పిల్లలు లేరు, ఎందుకంటే ఆ రోజు శనివారం, నేపాల్‌లో బడులకు వారపు సెలవు. 2005 అక్టోబరు 8న కశ్మీరులో భూకంపం వచ్చిన రోజు కూడా శనివారమే. సరిహద్దుకు అవతల ఉన్న పాకిస్తాన్ వైపు ఆ ఉదయం బడులు నడుస్తున్నాయి, వేలాదిమంది పిల్లలు తరగతి గదుల్లోనే చనిపోయారు. ఈ రెండు శనివారాలను పక్కపక్కన పెట్టి చూసిన తరువాత, బడి గోడ గట్టిదనాన్ని వారపు సెలవు మీద వదిలేయకూడదని ఎవరూ నాకు విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

మే నెలాఖరుకే వెదురు బొంగులతో, తగరపు రేకులతో తాత్కాలిక తరగతి గదులు వేసి నేపాల్ ప్రభుత్వం బడులు తెరిపించింది. పక్కా బడులకు మాత్రం చాలా కాలం పట్టింది. పునర్నిర్మాణ ప్రాధికార సంస్థ ఆ ఏడాది డిసెంబరులో గాని ఏర్పడలేదు. సెప్టెంబరు నుంచి మరుసటి ఏడు ఫిబ్రవరి వరకు మన సరిహద్దు నాకాల దగ్గర లారీలు నిలిచిపోయి డీజిలుకు, వంటగ్యాసుకు, సిమెంటుకు కటకట ఏర్పడింది. నేను వెళ్లేసరికి 2016 దసరా దాటింది. నెల్లూరు మీదుగా గోరఖ్‌పూర్ పోయే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సోనౌలీ దగ్గర సరిహద్దు దాటి, బస్సుల్లో కాఠ్మాండూ చేరాను. మన పౌరులకు అక్కడికి వీసా అక్కరలేదు. విదేశం అని పేరే గాని, మా ఇంట్లోవాళ్లు కువైట్ వెళ్లేవాణ్ణి సాగనంపినట్టు కంటతడి పెట్టుకోవడం కాస్త ఎక్కువే అనిపించింది.

మేము పనిచేసిన ఊరు సింధుపాల్‌చోక్ జిల్లా కేంద్రమైన చౌతారాకు పైన కొండవాలు మీద ఉంది. లారీ వచ్చే దారి ఊరికి చాలా కిందనే ఆగిపోతుంది. అక్కడి నుంచి సిమెంటు బస్తా అయినా, ఇసుక అయినా, కమ్మీ అయినా మనిషి వీపు మీద ఎక్కవలసిందే. వెదురుతో అల్లిన డోకో అనే బుట్టను వీపున పెట్టుకొని, దాని అడుగు నుంచి వచ్చే నామ్లో అనే పట్టీని నుదుటికి తగిలించుకొని, మెడ బలంతో మోస్తారు. 50 కిలోల బస్తాను అలా మోస్తూ నాకంటే వయసులో పెద్దవారైన ఆడవాళ్లు నన్ను దాటిపోయేవారు. వయసులో ఉన్న మగవాళ్లలో ఎక్కువమంది గల్ఫ్ దేశాలలోనో మలేషియాలోనో ఉన్నారు. ఇళ్లన్నీ కూలిన ఊరికి కట్టేవాడే కరువయ్యాడు. కలువాయి, ఉదయగిరి వైపు పల్లెలు చూసినవారికి ఈ పరిస్థితి కొత్తగా ఉండదు.

ఆ బడి పని నడిపింది ఒక డకర్మీ. అంటే మన తాపీమేస్త్రి. అందరూ ఆయనను దాయ్, అంటే అన్న, అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. సిమ్లాలో చాలా ఏళ్లు కట్టడాల పని చేసి వచ్చినందువల్ల హిందీ బాగా మాట్లాడేవాడు. భూకంపం తరువాత ప్రభుత్వం మేస్త్రీలకు ఇచ్చిన ఏడు రోజుల శిక్షణ పొందాడు. తరగతి గదుల గోడలు రాతివి, మూలల్లోనూ చుట్టూ తిరిగే పట్టీల్లోనూ మాత్రం ఇనుము, కాంక్రీటు. రాతి గోడలెందుకు, అవే గదా కూలినవి అని అడిగాను. ఇటుక ఇంత ఎత్తుకు మోయించే డబ్బు ఎవరు ఇస్తారు, ఉన్న రాయితోనే కూలకుండా కట్టడం నేర్చుకోవాలి అన్నాడు.

పాత బడి గోడ ఒక మూల ఇంకా కొంత నిలిచి ఉంది, దాని దగ్గరికి తీసుకువెళ్లి చూపించాడు. మందపు రాతిగోడను మనవాళ్లు కూడా అలాగే కడతారు. ఇటు ముఖానికి ఒక వరస, అటు ముఖానికి ఒక వరస పేర్చి, నడుమ చిన్న రాళ్లు, మట్టి కూరుతారు. పైనుంచి చూస్తే ఒకే గోడ, లోపల మాత్రం ఒకదానికొకటి సంబంధం లేని రెండు సన్న గోడలు. భూమి ఊగినప్పుడు నడుమ ఉన్న మట్టి కిందికి జారి, రెండు వరసలూ చెరో వైపు ఉబ్బి, గోడ బయటికీ లోపలికీ ఒరిగిపోతుంది. గోడ మందమంతా పట్టే పొడుగు రాళ్లను నిలువున రెండడుగులకు ఒకటి, అడ్డంగా నాలుగడుగులకు ఒకటి చొప్పున వేస్తే ఆ రెండు వరసలూ విడిపోవు. అంత పొడుగు రాయి దొరకకపోతే కాంక్రీటుతో దిమ్మె పోసి పెట్టవచ్చు. మన దేశపు ప్రమాణ పత్రాల్లోనూ దాదాపు ఇదే లెక్క ఉంది. చదివినప్పుడు అది నాకు పరీక్షలో రాయవలసిన ఒక వాక్యంగానే మిగిలింది. ఆ ఉబ్బిన గోడ ముందు నిలబడి, లోపలి మట్టిని వేలితో గీకి చూసినప్పుడు గాని దాని బరువు తెలియలేదు.

నేను మోసుకొచ్చిన రాళ్లలో మొదటి రోజు ఆయన సగం పక్కన పడేశాడు. ఏటి ఒడ్డున నునుపుగా, పట్టుకోవడానికి వీలుగా ఉన్నవాటిని ఏరుకొచ్చాను. "ఈ గుండ్రాయి గోడలో కూర్చోదు తమ్ముడూ, దొర్లుతుంది. ముఖమున్న రాయి తే" అన్నాడు. ముఖమున్న రాయి అంచులు పదునుగా ఉంటాయి, అరచేతులు చీరుకుపోతాయి. అవే తెచ్చాను.

గోడల్లో కిటికీల అడుగున ఒకటి, పైన ఒకటి, కప్పు కింద ఒకటి చొప్పున బడి చుట్టూ మొలతాడులా తిరిగే కాంక్రీటు పట్టీలు వేశాం. నాలుగు గోడలూ నాలుగు దిక్కులకు పోకుండా పట్టి ఉంచేవి అవే. మన దగ్గర కిటికీ మీద, గుమ్మం మీద లింటెలు ముక్క వేసి ఊరుకునేవారు చాలామంది ఉన్నారు, దాన్ని గోడలన్నిటి మీదుగా తిప్పడానికి అయ్యే ఖర్చు మొత్తం కట్టడంలో చెప్పుకోదగ్గది కూడా కాదు. కప్పు కింద త్రికోణంగా లేచే గోడను రాతితో కాకుండా రేకుతో మూశాం, ఎందుకంటే పాత బడుల్లో మొదట విరిగి గదిలో పడేది ఆ బరువైన కొప్పు గోడే.

నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తున్నది రింగులు వంచడం. నిలువు కమ్మీల చుట్టూ కట్టే రింగు కొసను మన వైపు సాధారణంగా లంబకోణంలో వంచి వదిలేస్తారు. పని తొందరగా అవుతుంది, కాంక్రీటు పోశాక ఎవరికీ కనబడదు. భూకంపంలో పైపొర రాలగానే ఆ కొస తెరుచుకొని రింగు విప్పుకుంటుంది, నిలువు కమ్మీ బయటికి వంగిపోతుంది. కొసను 135 డిగ్రీల దాకా వంచి లోపలికి దూర్చితే పైపొర పోయినా రింగు ఊడదు. మేము వంచిన రింగులను దాయ్ పొద్దున్నే కుప్పలోంచి ఒక్కొక్కటిగా తీసి, కొసలో చూపుడు వేలు పెట్టి చూసేవాడు. వేలు జారి బయటికి వస్తే ఆ రింగు వెనక్కి. నేను పనిచేసిన సైట్లలో ఇంజనీర్లమనిపించుకునే మాలో ఎవరమూ అలా వేలు పెట్టి చూసిన గుర్తు నాకు లేదు.

అప్పుడే నవంబరు 8 వచ్చింది. మన దేశంలో 500, 1,000 రూపాయల నోట్లు రద్దయిన కబురు మరునాడు ఊరికి చేరింది. సిమ్లా నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకొని పెట్టెలో దాచుకున్న 500 నోట్లు కొన్ని దాయ్ నా ముందు పెట్టి, "మీ ప్రభుత్వం మాకు మార్చి ఇస్తుందా" అని అడిగాడు. ఇస్తుందేమోనని చెప్పాను. నేపాల్‌లో అలా మిగిలిపోయిన పాత నోట్లకు మార్పిడి దారి దొరకలేదు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు గాని, నాకు మాత్రం ఆయన ముందు కూర్చొని అన్నం తింటున్నప్పుడల్లా ఆ నోట్లే కనబడేవి.

నన్ను తీసుకువెళ్లిన సంస్థ గురించి కూడా చెప్పాలి. పేరు అనవసరం, అటువంటివి చాలా ఉన్నాయి. తిండికి, పడకకు, ఏర్పాట్లకు అని మా దగ్గర రుసుము తీసుకున్నారు, దానిలో బడికి ఎంత చేరిందో అడిగితే సూటిగా జవాబు రాలేదు. నాతో పాటు దూరదేశాల నుంచి విమానాల్లో వచ్చినవారు పెట్టిన ఖర్చుతో ఆ ఊరి మేస్త్రీలకు ఎన్నో నెలల కూలీ ఇవ్వవచ్చునన్నది లెక్క తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. కొందరు వారానికే తిరిగి వెళ్లేవారు. వారు పేర్చిన రాళ్లను వారు దిగిపోయాక దాయ్ విప్పి మళ్లీ పేర్పించడం నేను కళ్లారా చూశాను. పైగా పాఠం జరుగుతుండగా రేకుల గదిలోకి దూరి పిల్లలతో ఫొటోలు దిగడం ఒక అలవాటుగా మారింది. చివరికి ఆ బడి పెద్ద మాస్టారు, అక్కడ హెడ్‌సర్ అంటారు, బడి వేళల్లో ఎవరూ గదులవైపు రాకూడదని తలుపు మీద కాగితం అంటించాడు. ఆ కాగితం అంటించిన రోజు నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

మరి నేను ఎందుకు పనికివచ్చాను? రాళ్లు మోయడంలో ఆ ఊరి ఆడవాళ్లలో సగానికి కూడా తూగలేదు. ఉపయోగపడింది నా డిప్లొమా చదువు. నక్షా చూసి ఏ కమ్మీ ఎంత పొడవున ఎన్ని ముక్కలు కోయాలో పట్టిక రాసిపెడితే వృథా తగ్గింది. ఏ వారానికి ఎంత సరుకు కావాలో ముందే లెక్కవేస్తే లారీ రెండుసార్లు రావలసిన అవసరం తప్పింది. చలికి కాంక్రీటు గట్టిపడడం ఆలస్యమవుతుందని తెలుసు కాబట్టి, సెంట్రింగు ఇంకొన్ని రోజులు ఉంచాలని, తడిపిన తరువాత గడ్డి కప్పాలని నేను అన్నప్పుడు దాయ్ వెంటనే ఒప్పుకున్నాడు. ఎండకు నీళ్లు ఆరిపోకుండా రోజుకు నాలుగు పూటలు తడపడమే నెల్లూరు జిల్లాలో నేను ఎరిగిన పని, మంచుకు భయపడి గడ్డి కప్పడం నాకూ కొత్త. బడి నిర్వహణ సమితిలోని తల్లులకు సరుకుల ఖాతా పుస్తకం రాయడంలో సాయపడ్డాను. వచ్చేసే నాటికి ఆ పుస్తకం వారే రాసుకుంటున్నారు. ఈ పనులేవీ ఫొటోకు పనికివచ్చేవి కావు.

తిరిగి వచ్చాక మన బడులను చూసే చూపు మారింది. మనకు తుఫాను తెలుసు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును మా ఇంట్లో ఇప్పటికీ తేదీ గుర్తుగా వాడుకుంటారు, ఫలానా పెళ్లి తుఫానుకు ముందా వెనుకా అని. తీరం వెంట కట్టిన తుఫాను ఆశ్రయ భవనాలు కొన్నిచోట్ల బడులుగా కూడా ఉపయోగపడ్డాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు, నీళ్లు చేరిన బడుల్లో పుస్తకాలు, బల్లలు ఏమవుతాయో దగ్గర నుంచి చూశాం. భూకంపం మాత్రం మనది కాదన్నట్టు ఉంటాం. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూమి కంపించిన సంగతి పెద్దవాళ్లకే గుర్తులేదు. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా కొన్ని రోజులు స్వల్పంగా కంపించినప్పుడు పిల్లలు బడి బయటికి పరుగులు తీశారు, వారం తరువాత ఆ మాటే లేదు. దేశపు భూకంప పటంలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు చాలాకాలంగా మూడో జోన్‌లోనే, అంటే ఒక మోస్తరు ప్రమాదమున్న ప్రాంతంగానే, ఉంటూ వచ్చాయి. ఆ జోన్‌లో రింగు కొసలు 135 డిగ్రీలకు వంచాలని నిబంధన ఉంది. 2019 నవంబరు 14న ఒంగోలులోనే మొదలైన నాడు నేడు పథకంలో బడి పనుల పర్యవేక్షణ తల్లిదండ్రుల కమిటీల చేతిలో పెట్టడం నాకు నచ్చింది. రంగులు, మరుగుదొడ్లు చూసే ఆ తల్లులకు రింగు కొసలో వేలు పెట్టి చూడడం కూడా నేర్పితే ఎంత ఖర్చవుతుంది? నేను, నాకు తెలిసిన ఇద్దరు మేస్త్రీలు కలిసి కందుకూరు చుట్టుపక్కల అదే పని ఆదివారాల్లో మొదలుపెట్టాం. చీమకుర్తి క్వారీల్లో రాయిని ఎరిగినవారికి గోడలో పొడుగు రాయి సంగతి చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టడం లేదు.

ఇంతా విని, ఆదివారం కందుకూరు రమ్మంటే రాకుండా, విదేశానికే వెళతామనే పిల్లలు ఉంటారు, వారిని నేను ఆపను. తీసుకువెళ్లే సంస్థను కొన్ని అడగండి. పని నడిపే మేస్త్రి ఆ ఊరివాడేనా, అతనికి కూలీ ఇస్తున్నారా, మీరు కట్టే రుసుములో సిమెంటుకు, కమ్మీకి ఎంత పోతుంది, నక్షా ఎవరు ఆమోదించారు, మీరు వచ్చేశాక గోడ పగిలితే ఊరివారు ఎవరికి చెప్పుకోవాలి? వీటికి జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే ఆ రుసుము డబ్బును నేరుగా బడి నిర్వహణ సమితికి పంపించి ఇంట్లో ఉండడం మేలు. నెలకు తక్కువ ఉండేటట్టయితే వెళ్లకండి. వానాకాలంలో కొండదారులు విరిగిపడుతుంటాయి, దసరా తరువాత బయలుదేరండి. హిందీ కొంత నేర్చుకోండి. కమ్మీల పట్టిక రాయడం, కాంక్రీటు పాళ్లు చూడడం, రసమట్టం పట్టడం ఇక్కడే ఏదైనా సైటులో నేర్చుకొని వెళ్లండి. తోలు గ్లవుజులు రెండు జతలు కొనుక్కోండి, మొదటి జత ముఖమున్న రాళ్లకు వారం కూడా ఆగదు.